చూసినవాళ్లే రాయాలి

విశాఖలో ఏ ఇంజనీరింగ్ కాలేజీ స్టాఫ్ రూములో కూర్చున్నా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒకటే మాట: "మేడమ్, ఎల్ఓఆర్ కావాలి మేడమ్." ఎల్ఓఆర్ అంటే లెటర్ ఆఫ్ రికమండేషన్, విదేశీ యూనివర్సిటీకి పిల్లల గురించి మాస్టార్లు రాసే సిఫారసు ఉత్తరం. అమెరికాలో ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే ఫాల్ అడ్మిషన్లకి చాలా యూనివర్సిటీల గడువులు డిసెంబరు, జనవరుల్లో ముగుస్తాయి. అందుకని నాలుగో ఏడాది పిల్లలు, నిరుడు పాసై ఉద్యోగాల్లో చేరినవాళ్లు అందరూ ఒక్కసారే వస్తారు. వస్తూ వస్తూ ఉత్తరం కూడా తెచ్చేస్తారు. ఆ పిల్లని నేను ఎన్నాళ్లుగా ఎరుగుదును, ఆమెలో నాకు నచ్చినవేమిటి, ఆమె ముందు ముందు ఏమవుతుందని నా నమ్మకం, అన్నీ నా తరఫున ఆమే రాసేసి, కింద నా పేరూ హోదా టైపు చేసి, సంతకానికి కాస్త జాగా వదిలి ఉంటుంది.

నేను ఆ కాగితం మీద సంతకం పెట్టను. ఎందుకు పెట్టనో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇంకెవరూ పెట్టకూడదనీ, పిల్లలు కూడా అలా పెట్టించుకోకూడదనీ నా వాదన.

పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్లు తమంతట తాము కనిపెట్టిన పద్ధతి కాదిది. "నువ్వే డ్రాఫ్ట్ చేసుకొచ్చేయి, సంతకం పెట్టేస్తా" అని వాళ్లకి చెప్పింది మా మాస్టార్లే. సీనియర్లు ఒక వర్డ్ ఫైలు చేతిలో పెట్టారు. కన్సల్టెన్సీవాళ్లు ఇంకో మూడు పంపారు. ఇప్పుడైతే చాట్‌జీపీటీ అడిగిన క్షణంలో రాసిపెడుతోంది. ఎక్కడినుంచి వచ్చినా అన్నిటికీ మొదటి వాక్యం ఒకటే: "ఇట్ గివ్స్ మీ ఇమ్మెన్స్ ప్లెజర్..." ఇక ఆ తరవాత వచ్చే వాక్యాలు ఏ బ్రాంచి పిల్లాడికైనా, ఏ కాలేజీ పిల్లకైనా సరిపోతాయి. అసలు నష్టం అక్కడే ఉంది.

ఆ ఉత్తరం ఇప్పుడు ఎలా వెళ్తుందో తెలియని తల్లిదండ్రులు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఒకప్పుడు లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, కవరులో పెట్టి అంటించి, అంటించినచోట అడ్డంగా సంతకం చేసి స్టాంపు వేసి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు విద్యార్థి తన అప్లికేషన్‌లో ముగ్గురి పేర్లు, మెయిల్ ఐడీలు ఇస్తాడు. అమెరికాలో ఎం.ఎస్.కి మామూలుగా మూడు ఉత్తరాలు అడుగుతారు, బ్రిటన్‌లో ఒకటో రెండో. యూనివర్సిటీ నుంచి ఆ ముగ్గురికీ లింకు వస్తుంది. లింకు తెరిస్తే ముందు ఈ విద్యార్థి మీకు ఎలా తెలుసు, ఎంతకాలంగా తెలుసు అన్న ప్రశ్నలుంటాయి. చాలాచోట్ల ఆ తరవాత ఒక పట్టిక ఉంటుంది. తెలివి, స్వతంత్రంగా పనిచేసే తీరు, రాతలో పట్టు, నలుగురితో కలిసి పనిచేయడం, ఇలా ఒక్కో వరసకీ మీరు చదువు చెప్పిన పిల్లలందరిలో ఈ విద్యార్థి పై 5 శాతంలో ఉంటాడా, 10 శాతంలోనా, 25 శాతంలోనా అని గుర్తు పెట్టాలి. "చెప్పగలిగినంత తెలియదు" అనే గడి కూడా పక్కనే ఉంటుంది. మన దగ్గర ఆ గడి ముట్టుకునేవాళ్లు అరుదు. ఉత్తరం అప్‌లోడ్ చేసేది ఇదంతా అయ్యాక.

ఇంకో సంగతి ఉంది. అమెరికాలో 1974లో వచ్చిన ఫెర్పా అనే చట్టం ప్రకారం విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కుంది. సిఫారసు ఉత్తరాల విషయంలో మాత్రం ఆ హక్కు వదులుకుంటావా అని అప్లికేషన్‌లో విద్యార్థినే అడుగుతారు. దాదాపు అందరూ వదులుకుంటున్నామనే టిక్ పెడతారు. తన గురించి మాస్టారు ఏం రాశారో తాను చూడనని ఆ టిక్‌కి అర్థం. మొత్తం ఉత్తరం తానే రాసుకున్న పిల్లాడు కూడా అదే టిక్ పెడుతున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లాడి చేత, పరాయి దేశంలో వేసే మొదటి అడుగులోనే, మనం అబద్ధం చెప్పిస్తున్నాం. నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు.

మనం ఈ ఉత్తరాన్ని ఏమనుకుంటున్నామో కాస్త ఆలోచించండి. తిరుమలలో బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే గారి లెటర్ పట్టుకెళ్తాం. మనమెవరో ఎమ్మెల్యే గారికి తెలియక్కర్లేదు. లెటర్‌హెడ్ అసలుదైతే చాలు, పని అవుతుంది. పిల్లలూ వాళ్ల పెద్దవాళ్లూ ఎల్ఓఆర్ కూడా అలాంటిదే అనుకుంటున్నారు. అందుకే ముందు ప్రిన్సిపాల్ గారి గది, తరవాత డీన్ గారి గది, తరవాత విభాగాధిపతి హెచ్ఓడీ గారి గది, ఆ వరసలో తిరుగుతారు. ఆ హెచ్ఓడీ గారు వాళ్లకి రెండో ఏడాదిలో ఒక పేపరు చెప్పి ఉంటారు, లేదా అదీ ఉండదు. ఏడాది పాటు వాళ్ల ప్రాజెక్టుకి గైడుగా ఉండి, రాత్రి ఎనిమిదింటి దాకా ల్యాబు తాళం వేయకుండా వాళ్లతోపాటు కూర్చున్న అసిస్టెంట్ ప్రొఫెసర్ పక్క గదిలోనే ఉంటాడు. ఎం.టెక్. మాత్రమే, పీహెచ్‌డీ లేదు, వయసు ముప్పై దాటలేదు. ఆయన్ని ఎవరూ అడగరు.

ఉత్తరం చదివే ప్రొఫెసర్‌కి మన హెచ్ఓడీ గారెవరో తెలియదు. మధురవాడ తెలియదు, సంగివలస తెలియదు. కాలేజీ ఎంత పెద్దదో, కుర్చీ ఎంత ఎత్తుదో ఆయనకి పట్టదు. ఆయనకి కావాల్సింది ఒకటే. ఈ పిల్ల నా ల్యాబుకొస్తే, పుస్తకంలో జవాబు లేని చోట ఏం చేస్తుంది? మార్కుల జాబితా దానికి బదులు చెప్పదు, తన గురించి తాను రాసుకున్న స్టేట్‌మెంట్ కూడా పూర్తిగా చెప్పదు. ఆ పిల్ల తప్పు చేసినప్పుడు, చిక్కులో పడ్డప్పుడు పక్కన నిలబడి చూసిన మనిషి మాత్రమే చెప్పగలరు.

నేను ఎలక్ట్రానిక్స్ చెప్తాను. ఒక విద్యార్థిని సంగతి చెప్తాను. గాజువాక అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. రెండో ఏడాది ల్యాబులో సీఈ యాంప్లిఫయర్ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ ప్రయోగం, అంటే సిగ్నల్‌ని పెంచే సర్క్యూటు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత పెంచుతుందో కొలవడం. తరతరాలుగా ఈ ప్రయోగానికి రీడింగులు నిరుటి రికార్డుల్లోంచే పుడతాయి. అందరి గ్రాఫులూ కవల పిల్లల్లా ఉంటాయి. ఈ అమ్మాయి గ్రాఫులో మాత్రం కింది కటాఫ్ ఫ్రీక్వెన్సీ, అంటే దానికి దిగువన ఆ పెంపు పడిపోయే హద్దు, ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ దగ్గర వచ్చింది. పక్కవాళ్లు దిద్దేసుకోమన్నారట. దిద్దలేదు. నా దగ్గరికొచ్చి, "మేడమ్, నా రీడింగ్ తప్పు కాదు మేడమ్, మూడుసార్లు చూశాను" అంది. అయితే ఎందుకొచ్చిందో కనుక్కో అన్నాను. ఆ పూటంతా బోర్డు దగ్గరే ఉంది. చివరికి కప్లింగ్ కెపాసిటర్ పది మైక్రోఫారడ్‌ది ఉండాల్సినచోట ఒక మైక్రోఫారడ్‌ది ఉందని పట్టుకుంది. కెపాసిటర్ విలువ తగ్గితే కింది కటాఫ్ పైకి జరుగుతుంది. సూత్రం క్లాసులో అందరూ రాసుకున్నదే. చేతిలో ఉన్న బోర్డుకి ఆ సూత్రాన్ని అన్వయించి చూసింది ఆమె ఒక్కతే. తన రికార్డులో తప్పు రీడింగూ ఉంచింది, కారణమూ రాసింది, కెపాసిటర్ మార్చాక వచ్చిన రీడింగూ పక్కన వేసింది.

ఆ అమ్మాయి సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్ల మార్కుల సగటు, పదికి ఏడు అటూ ఇటూగా ఉండేది. నాలుగో ఏడాదిలో ఎల్ఓఆర్ కోసం వచ్చినప్పుడు తానే రాసుకొచ్చిన కాగితంలో ఈ సంగతి ఒక్క ముక్క లేదు. "హార్డ్ వర్కింగ్", "సిన్సియర్", "టీమ్ ప్లేయర్", "ఎక్సలెంట్ కమ్యూనికేషన్ స్కిల్స్" ఉన్నాయి. ఎందుకు రాయలేదమ్మా అంటే, "అది కూడా రాయొచ్చా మేడమ్? అది రీడింగ్ తప్పొచ్చిన ప్రయోగం కదా" అంది. తనలో ఏది విలువైనదో పిల్లకి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు, అది చెప్పడానికే మేమున్నాం. పిల్లల చేత రాయించుకున్న ప్రతిసారీ సరిగ్గా ఆ ముక్కే పోతుంది.

ఆడపిల్లల విషయంలో ఈ నష్టం ఇంకా ఎక్కువ. అమెరికాలో ఒక మెడికల్ స్కూలుకి అధ్యాపక ఉద్యోగాల కోసం వచ్చిన మూడొందల పైచిలుకు సిఫారసు ఉత్తరాలను ట్రిక్స్, సెంకా అనే పరిశోధకులు పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. ఆడవాళ్ల గురించిన ఉత్తరాలు సగటున పొట్టిగా ఉన్నాయి. కష్టపడి పనిచేస్తుందనే తరహా మాటలు వాళ్ల ఉత్తరాల్లో ఎక్కువ, పరిశోధన ప్రస్తావన మగవాళ్ల ఉత్తరాల్లో ఎక్కువ. మన స్టాఫ్ రూముల్లో నేను వింటున్నదీ ఇదే. మగపిల్లాడైతే "బుర్ర ఉందండీ వాడికి", ఆడపిల్లయితే "నెమ్మదైన పిల్లండీ, చెప్పింది చేస్తుంది." ఈ పక్షపాతం పోవాలంటే అందరికీ ఒకే నమూనా వాడాలని ఒక సహోద్యోగి నాతో వాదించారు. నేను ఒప్పుకోలేదు. నమూనాలో పక్షపాతంతో పాటు పిల్ల కూడా పోతుంది. విశేషణాలు తగ్గించి జరిగింది రాస్తే చాలు. కెపాసిటర్ ఎవరు పట్టుకున్నారో రాశాక నెమ్మదైన పిల్లా కాదా అన్న ప్రశ్న రాదు.

మన ఊరి చదువుల చరిత్రలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి 1941లో కలకత్తా వెళ్లి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1946లో కేంబ్రిడ్జిలోని మ్యూజియంవాళ్లకి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించే మనిషి కావాల్సి వచ్చింది. వాళ్లు వాడదలచిన పద్ధతి ఆ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ గారిది, అందుకని ఆయన్నే అడిగారు. ఆయన పంపినవాళ్లలో రావు గారు ఒకరు. ఐదేళ్లుగా తన కళ్లముందు పనిచేస్తున్న మనిషి కాబట్టి పంపారు. రావు గారు ఒకపక్క మ్యూజియంలో ఆ పని చేస్తూనే గణాంక శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర పరిశోధన చేసి 1948లో పీహెచ్‌డీ తీసుకున్నారు. సిఫారసు అంటే నా లెక్కలో అది.

గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ కోసం రాసిన ఉత్తరం సంగతి కూడా చాలామంది ఎత్తుతారు. 1948లో కార్నెగీ టెక్ ప్రొఫెసర్ రిచర్డ్ డఫిన్ ప్రిన్స్‌టన్‌కి కొద్ది వాక్యాలే రాశారు: ఈ అబ్బాయికి పంతొమ్మిదేళ్లు, జూన్‌లో డిగ్రీ పూర్తవుతుంది, గణితంలో మేధావి. చూశారా, ఇంత పొట్టిగా రాసినా చాలు అంటారు. చాలు, నిజమే. కాకపోతే డఫిన్ ఆ కుర్రాడికి స్వయంగా పాఠం చెప్పారు. ఆ ఒక్క మాట ఆయన ప్రతి ఏడాదీ అరవైమందికి రాసి ఉంటే ప్రిన్స్‌టన్‌లో ఎవరూ పట్టించుకునేవాళ్లు కారు.

"అంత టైమెక్కడిది మేడమ్?" అనేది నాకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం, అందులో న్యాయం ఉంది. సెక్షనుకి అరవైమంది. ఇంజనీరింగ్ కాలేజీలకి నిబంధనలు పెట్టే ఏఐసీటీఈ 2018లో అధ్యాపకుల నిష్పత్తిని పదిహేను మందికి ఒకరి నుంచి ఇరవై మందికి ఒకరికి మార్చింది. అది కాగితం మీద లెక్క. అడ్మిషన్ల ప్రచారానికి ఊళ్లు తిరగడం, కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ ఫైళ్లు, పరీక్షల డ్యూటీలు అందులోకి రావు. అయినా సరే అంటాను. ఒక విద్యార్థి పది యూనివర్సిటీలకి పెట్టినా పది ఉత్తరాలు రాయక్కర్లేదు, ఒకటి రాసి పదిచోట్ల ఎక్కించడమే. ఆ ఒక్కటీ ఒక గంట పని. ల్యాబు అయ్యాక ఆ రోజు ఎవరేం చేశారో రెండు ముక్కలు నోటుబుక్కులో రాసుకునే అలవాటుంటే గంట కూడా పట్టదు. నేను అలా రాసుకుంటాను. లేకపోతే రెండేళ్ల తరవాత ఆ కెపాసిటర్ నాకు మాత్రం ఎక్కడ గుర్తుంటుంది?

రెండో అభ్యంతరం పైకి చెప్పరు. ఇంగ్లీషు. మాలో చాలామందిమి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లం. బోర్డు మీద సర్క్యూటు విప్పి చెప్పమంటే ఎవరికీ తీసిపోం, రెండు పేజీల ఇంగ్లీషు ఉత్తరం అంటే మాత్రం చెయ్యి ఆగుతుంది. పిల్లలు తెచ్చే కాగితం మీద సంతకం పెట్టేయడం వెనక బద్ధకం కంటే ఈ బెరుకే ఎక్కువని నా నమ్మకం. ఆ తోటి ఉపాధ్యాయులకి నేను చెప్పేది ఇది. అక్కడ ఉత్తరం చదివేవాళ్లలో ఎంతోమందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. వాళ్లు మన వ్యాకరణానికి మార్కులు వేయరు. "ఈమె నా ల్యాబులో ఇది చేసింది, నేను చూశాను" అని పొట్టి పొట్టి వాక్యాల్లో రాస్తే, అప్పు తెచ్చుకున్న పెద్ద పెద్ద మాటలకంటే అవే నమ్మకంగా ఉంటాయి. కావాలంటే తెలుగులో రాసుకుని తరవాత మార్చుకోండి. మాటలు దిద్దడానికి ఎవరి సాయం తీసుకున్నా తప్పు లేదు. చూసింది మాత్రం మీరై ఉండాలి.

మూడో అభ్యంతరాన్ని నేను చాలా గౌరవిస్తాను: అసలీ ఉత్తరాలే వద్దు, పరీక్ష పెట్టండి, మార్కులు చూడండి. ఈఏపీసెట్ ర్యాంకుకి ఎవరి సిఫారసూ అక్కర్లేదు, గేట్ స్కోరుకీ అక్కర్లేదు. పలుకుబడి లేని ఇంట్లో పుట్టిన పిల్లకి పరీక్ష ఒక రక్షణ. అది తెలిసే పెరిగాను. అమెరికాలోనూ కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్లు డిగ్రీ అడ్మిషన్లకి మామూలుగా ఉత్తరాలు అడగరు. బ్రిటన్‌లో డిగ్రీ అప్లికేషన్లు తీసుకునే యూకాస్ 2024 ప్రవేశాల నుంచి టీచర్లు ఇష్టమొచ్చినట్టు రాసే పద్ధతి తీసేసి ఉత్తరాన్ని మూడు భాగాలుగా విడగొట్టింది. రేపు అందరూ ఉత్తరాలు ఎత్తేస్తే నేను బాధపడను. కానీ అడుగుతున్నంతకాలం, ర్యాంకు తక్కువొచ్చిన పిల్లకి తన మార్కులకంటే తాను ఎక్కువని చెప్పగల గొంతు ఆ అప్లికేషన్ మొత్తంలో ఇదొక్కటే. మార్కులున్నవాళ్లకి నమూనా ఉత్తరంతో వచ్చే నష్టం తక్కువ. లేనివాళ్లకే ఎక్కువ.

ద్వారకానగర్‌లో బోర్డులు పెట్టుకున్న కన్సల్టెన్సీల గురించి ఎక్కువ చెప్పను. చాలా విదేశీ యూనివర్సిటీలు చేరిన ప్రతి విద్యార్థికీ ఏజెంట్లకి కమిషన్ ఇస్తాయి. కాబట్టి ఫైలు పూర్తి కావడం వాళ్లకి ముఖ్యం, లోపల ఏముందో ముఖ్యం కాదు. అయితే మాస్టారి పేరుతో ఒక మెయిల్ ఐడీ సృష్టించి ఆ లింకు తామే నింపేసే పద్ధతి మాత్రం నేరుగా మోసం. దొరికితే సీటు పోతుంది, చేరాక దొరికితే చదువే పోతుంది. పిల్లలూ, ఎవరైనా అలా చేసిపెడతామంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

నాకు తెలియని విద్యార్థి వస్తే రాయనని చెప్తాను. ఇది చాలామందికి కఠినంగా అనిపిస్తుంది. ఒకసారి ఒక తండ్రి వచ్చారు, స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన మనిషి. "అమ్మా, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టేశాను. మీ సంతకం ఒక్కటే కదా, పిల్లాడి భవిష్యత్తు" అన్నారు. ఆ మాటకి గొంతు పట్టేసింది. ఆయనకి నేను చెప్పిందే ఇక్కడా చెప్తాను. నేను మీ అబ్బాయికి ఒక్క సెమిస్టరు, అరవైమందిలో ఒకడిగా పాఠం చెప్పాను. నేను నిజం రాస్తే రెండు వాక్యాలు వస్తాయి, వాటివల్ల వాడికి ఒరిగేది లేదు. వాడు మూడో ఏడాదంతా ఫలానా మాస్టారితో ఎంబెడెడ్ ల్యాబులో కూర్చున్నాడు, వెళ్లి ఆయన్ని అడగమనండి. ఆ కుర్రాడు వెళ్లాడు. ఆ మాస్టారు అంతకు ముందెప్పుడూ ఎవరికీ ఎల్ఓఆర్ రాయలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. అబ్బాయి రిపోర్టు ముందు పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చుని రాశారు.

అక్కడో చిక్కొచ్చింది. ఆ మాస్టారికి కాలేజీ మెయిల్ ఐడీ లేదు. కాలేజీ పేరుతో ఉన్న అధికారిక మెయిల్ నుంచి వస్తేనే యూనివర్సిటీలు ఎక్కువ నమ్ముతాయి, జీమెయిల్ అయితే అనుమానంగా చూస్తాయి. చాలా కాలేజీల్లో ఆ ఐడీలు హెచ్ఓడీలకీ సీనియర్లకీ ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లకీ, గెస్ట్ ఫ్యాకల్టీకీ, ల్యాబులు చూసేవాళ్లకీ ఇవ్వరు. అంటే పిల్లల్ని దగ్గరగా చూసేవాళ్లకే రాసే వీలు లేకుండా చేసి, చూడనివాళ్ల సంతకాల కోసం పిల్లల్ని మనమే తిప్పుతున్నాం.

కాబట్టి కాలేజీల యాజమాన్యాలని నేను కోరేది చిన్నదే. పాఠం చెప్పే, ల్యాబు నడిపే ప్రతి ఒక్కరికీ చేరిన వారంలోనే అధికారిక మెయిల్ ఐడీ ఇవ్వండి. ప్రాజెక్టు గైడు రాసిన ఉత్తరానికి పైవాళ్ల అనుమతి కావాలనే నియమం ఎక్కడైనా ఉంటే తీసేయండి. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టుకి నలుగురికీ ఒకే ఉత్తరం వెళ్లకుండా, ఎవరు ఏ భాగం చేశారో గైడు సెమిస్టరు చివర్లోనే రాసి ఉంచుకునేలా రివ్యూ ఫారంలో ఒక గడి చేర్చండి. మూడో ఏడాది పిల్లలకి చెప్పేది: మీరు పనిచేస్తుండగా చూసినవాళ్లెవరో ఇప్పుడే ఆలోచించుకోండి. గడువుకి ఆరు వారాల ముందు మీ ల్యాబు రికార్డు, ప్రాజెక్టు రిపోర్టు, మార్కుల జాబితా, యూనివర్సిటీల గడువుల పట్టిక పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లండి. తప్పొచ్చిన రీడింగులున్న పేజీలు కూడా తీసుకెళ్లండి. ఉత్తరం మాత్రం రాసుకెళ్లకండి.